కోటమ్మ వేలిముద్ర అడిగిన సిస్టరు గారు

సిస్టరు గారు పోయారన్న కబురు పోయిన మంగళవారం పొద్దున్నే నాకు చేరింది. నేనప్పుడు దుకాణంలో మందు కొట్టే తైవాన్ పంపు ఒకటి విప్పుకుని కూర్చున్నాను. యూనివర్సిటీ వ్యాను నడిపే డ్రైవరు ఫోను చేశాడు. "మేస్త్రీ, మన సిస్టరు గారు తెల్లారుజామున వెళ్ళిపోయారు. నిద్రలోనే పోయారంట. రేపు పదింటికి భూస్థాపన," అన్నాడు. సరేనన్నాను. పంపు తెచ్చిన రైతు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆయనకు మిరప చేనుకు మందు కొట్టే తొందర. నేను వాషరు తీశాను, పెట్టాను, మళ్ళీ తీశాను. మూడోసారి కూడా తీస్తుంటే ఆయన, "ఏంది మేస్త్రీ, ఆ వాషరుతో ఏవన్నా తగువా?" అన్నాడు. అప్పుడు చెప్పాను. ఆయన తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు. "మా ఇంట్లో కూడా ఒక పిల్లని పెట్టిందయ్యా ఆ తల్లి. మా కోడలి చేత మార్కులేయించింది," అని, పంపు అక్కడే వదిలేసి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మందు సంగతి మర్చిపోయాడు.

ఒక కన్యాస్త్రీ గురించి ఒక సాయిబు ఎందుకు రాస్తున్నాడని మీకు అనిపించవచ్చు. చెబుతాను. సత్తెనపల్లికి కొద్ది దూరంలో మా ఊరు. అక్కడ మందు కొట్టే పంపులు బాగుచేయడం నా వృత్తి. ఊళ్ళో సాయిబూ అన్నా పలుకుతాను, మేస్త్రీ అన్నా పలుకుతాను. చదువు నాలుగో తరగతి. నాలుగు పూర్తయిందని కాదు, నాలుగులో మానేశానని. అసలు చదువంతా ఆ తర్వాతే. నాజిళ్ళూ వాషర్లూ చుట్టి వచ్చే పాత పేపర్లు చదివాను. పురుగుమందు డబ్బాకు అంటించే కాగితాలు, చీమ తలకాయంత అక్షరాలతో ఉండేవి, అవీ చదివాను. వాటిని రాసినవాడు కాక జిల్లా మొత్తంలో చదివినవాణ్ణి నేనొక్కణ్ణేనని నాకు గట్టి అనుమానం. ఈ పొట్లాల చదువుతో ఒక చిక్కుంది. కథ మొదలు దొరుకుతుంది, చివర ఇంకో పొట్లంలో ఇంకో ఊరికి పోయి ఉంటుంది. అందుకే నువ్వు ఏది చెప్పినా పక్కదారి పడతావని మా ఆవిడ అంటుంది. ఇప్పుడు కూడా పడ్డాను. సిస్టరు గారి దగ్గరికి వస్తాను.

గుంటూరు వైపు వెళ్ళే రోడ్డులో ఆర్‌సీఎం, అంటే కేథలిక్కు మిషను వాళ్ళ యూనివర్సిటీ ఒకటుంది. దాంట్లో రెండో ఏడాది చదివే ప్రతి ఆడపిల్లా పదిహేను రోజులు ఏదో ఒక పల్లెలో ఉండి సేవ చేయాలి. చేయనిదే డిగ్రీ కాగితం చేతికివ్వరు. ఆ సేవ మొత్తం చూసుకునేది మన సిస్టరు గారు. అదికాక శనివారం సాయంత్రాలు ఆవిడే ఇంకో తరగతి నడిపేవారు. నువ్వు ఏ పనికి పుట్టావో నువ్వే కనుక్కో అనే తరగతి. టీచరు కావాలనుకునే పిల్లలు, నర్సు కావాలనుకునే పిల్లలు, ఏమీ తోచని పిల్లలు అందులో కూర్చునేవాళ్ళు. మఠంలో చేరి సిస్టర్లు అవుదామనుకునే పిల్లలు కూడా. వాళ్ళ మాటల్లో దాన్ని దైవపిలుపు అంటారు.

ఆవిడ మా దుకాణానికి మొదటిసారి వచ్చింది పత్తికి పచ్చపురుగు పట్టి ఊరంతా పంపులు మోస్తూ తిరిగిన ఏడాది. నా ముందు ఇరవై పంపులున్నాయి. గంధం రంగు చీర కట్టుకున్న ఒకావిడ వచ్చి, అరుగు మీద కాదు, కింద ఖాళీ నూనె డబ్బా మీద కూర్చున్నారు. ఏం కావాలని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. అరగంట అలాగే చూస్తూ కూర్చున్నారు. చివరికి నేనే ఓడిపోయి, "ఏం పనండీ?" అన్నాను.

"మా పిల్లలకి సేవ నేర్పించాలి మేస్త్రి గారూ. మీ ఊళ్ళో ఎవరింట్లో ఉంచితే బాగుంటుందో మీకు తెలుస్తుందన్నారు."

"సేవ చేయించుకునేవాళ్ళు కావాలా అండీ? ఊరంతా వరసలో నిలబడతారు."

"అబ్బే, వాళ్ళొద్దు. పిల్లలు చేసే సేవకి తట్టుకునేవాళ్ళు కావాలి. కాస్త ఓపికున్నవాళ్ళు."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నిజంగానే అడుగుతున్నారని అప్పుడు అర్థమైంది.

ఆవిడది కనిగిరి పక్క మెట్ట పల్లె. వానకోసం ఎదురుచూసే ఊళ్ళో పుట్టిన మనిషి కాబట్టి గ్లాసులో నీళ్ళు మిగిలితే పారబోసేవారు కాదు. చుట్టూ చూసి ఏ మొక్కకో పోసేవారు. మా దుకాణం ముందు మొక్క లేకపోతే రోడ్డు దాటి వెళ్ళి ఎదురింటి తులసికోటలో పోసి వచ్చారు. కన్యాస్త్రీ తులసికి నీళ్ళు పోసిందని ఊళ్ళో రెండు రోజులు చెప్పుకున్నారు. ఆవిడ సంచిలో ఎప్పుడూ రెండు వస్తువులుండేవి. ఒకటి కొబ్బరినూనె సీసా. మిరపకాయలు ముట్టుకుని అదే చేత్తో కళ్ళు నులుముకునే పట్నం పిల్లల కోసం. రెండోది నాలుగు జతల హవాయి చెప్పులు. ఎత్తు మడమల జోళ్ళతో నల్లరేగడి చేలోకి దిగే పట్నం పిల్లల కోసం. మొదటి ఏడాది ఒక జోడు చేలోనే ఉండిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది, మొలవకపోతే.

ఆవిడ పెట్టిన పద్ధతి వల్ల యూనివర్సిటీలో పెద్ద గొడవ జరిగింది. సేవ బాగా చేసిందా లేదా అన్నది లెక్చరర్లు కాదు, ఆ పిల్ల ఉన్న ఇంటివాళ్ళే చెప్పాలన్నారు. ప్రతి పిల్లకీ ఒక కార్డు. కార్డు మీద ఒకటే ప్రశ్న: "ఈ అమ్మాయి మీ ఇంట్లో ఉండటం వల్ల మీకు మేలు జరిగిందా?" అవును అంటే సంతకమో వేలిముద్రో వేయాలి. లేదంటే లేదు. మొదటి ఏడాది కార్డులు వెళ్ళాక ఆఫీసు వాళ్ళు తిప్పి పంపారట, వేలిముద్రలు చెల్లవని. ఆవిడ ఆ గుమాస్తా దగ్గరికే వెళ్ళి, "ఆ వేలితో పొలాలు రాసి ఇస్తే చెల్లుతున్నాయి. మా పిల్లలకి అయిదు మార్కులు రాసిస్తే చెల్లదా నాయనా?" అన్నారట. చెల్లింది.

చదవడం రానివాళ్ళకు ప్రశ్న చదివి వినిపించడం నా పని. నాలుగో తరగతి మానేసినవాణ్ణి డిగ్రీ పిల్లల పరీక్షలో కూర్చోబెట్టారు. ఆ రోజుల్లో నేను చొక్కాకి పై గుండీ కూడా పెట్టుకునేవాణ్ణి.

ఇక స్టెల్లా సంగతి చెప్పాలి. సిస్టరు గారు ఎలాంటి మనిషో నాకు తెలిసింది ఆ అమ్మాయి వల్లే.

స్టెల్లాని కోటమ్మక్క ఇంట్లో పెట్టాం. కోటమ్మక్కకి భర్త లేడు, రెండెకరాల మిరప చేను ఉంది, నోరుంది. చేను కన్నా నోటి దిగుబడి ఎక్కువ. స్టెల్లా చురుకైన పిల్ల. ఆ బ్యాచికి ఆ అమ్మాయే నాయకురాలు. వచ్చే జూన్‌లో మఠంలో చేరాలని చిన్నప్పటినుంచి కోరిక. అప్పటికే ఇంట్లో ఒప్పించుకుంది, మఠంలో పెద్ద మదరు గారు కూడా మెచ్చుకున్నారు. దరఖాస్తుతో పాటు సేవ కార్డు ఒకటి జతచేయాలి. అంతవరకే మిగిలింది.

మిరప సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క. చేలో కోసిన కాయ అంతా ఒక్కలా పండి ఉండదు. కొన్ని ఎర్రగా ఉంటాయి, కొన్ని తొడిమ దగ్గర ఇంకా పచ్చగా ఉంటాయి. అందుకని కోసిన కాయని రెండు మూడు రోజులు కుప్పపోసి, పట్టా కప్పి మగ్గబెడతాం. లోపల వేడి పుట్టి కాయ మొత్తం ఒకే రంగుకి తిరుగుతుంది. అప్పుడు కల్లంలో పరిచి ఎండబెడతాం. మగ్గకముందే ఎండలో పరిస్తే ఆ పచ్చ ఉన్న చోటల్లా తెల్లగా పాలిపోతుంది. దాన్ని తాలుకాయ అంటాం. ఇక దాన్ని ఎర్రగా చేయడం ఎవరి వల్లా కాదు.

మొదటి కోత అయింది. కాయ కుప్పపోశారు. ఆ మర్నాడు కోటమ్మక్క కళ్ళు చూపించుకోడానికి సత్తెనపల్లి వెళ్ళింది. స్టెల్లా కల్లం దగ్గరికి వెళ్ళి పట్టా ఎత్తి చూసింది. చెయ్యి పెడితే లోపల వేడిగా ఉంది, ఆవిరి వస్తోంది. పాపం ఒంటరి మనిషి, ఎండబోసే దిక్కులేక కాయ కుళ్ళిపోతోందనుకుంది. మిగతా ఇళ్ళల్లో ఉన్న పిల్లల్ని కేకేసింది. ఎనిమిదిమంది ఆడపిల్లలు మధ్యాహ్నం దాకా నడుములు వంచి, చేతులు మండుతుంటే ఏడుస్తూ, కుప్ప మొత్తాన్ని పల్చగా, అందంగా, ముగ్గు వేసినట్టు పరిచేశారు. ఆ పక్కనుంచి వెళ్ళిన మగాళ్ళు ఇద్దరు చూసి కూడా ఏమీ అనలేదు. కోటమ్మ చెప్పే ఉంటుందిలే, ఆవిడ పనిలో వేలుపెడితే తిట్లు తినాలి అనుకున్నారట.

కోటమ్మక్క సాయంత్రం బస్సు దిగి నేరుగా కల్లానికి వచ్చింది. స్టెల్లా ఎదురెళ్ళి, చేతులు వెనక్కి పెట్టుకుని, నవ్వుతూ నిలబడింది. మెచ్చుకుంటుందని.

ఆ కేకలు నా దుకాణం దాకా వినిపించాయి. నేను వెళ్ళేసరికి కోటమ్మక్క కల్లం మధ్యలో కూలబడి ఉంది. "ఒరే సాయిబూ, పిల్లల్ని పెట్టావా నా ఇంట్లో, కోతుల్ని పెట్టావా? చూడరా, చూడు! ఏడాది సేద్యం రా!" అంటోంది. వెంటనే ఎత్తి కుప్పపోశాం. కానీ ఒక పూట మాఘమాసం ఎండ తగిలిన కాయ. పాలిపోవాల్సింది పాలిపోయింది.

చివరిరోజు నేను కార్డు పట్టుకుని వెళ్ళాను. ప్రశ్న చదివాను. "ఈ అమ్మాయి మీ ఇంట్లో ఉండటం వల్ల..."

"కీడు జరిగింది. రాయి."

"కీడని రాయడానికి గడి లేదక్కా. అవును, కాదు, అంతే."

"అయితే కాదని రాసి, పక్కన గట్టిగా కాదని ఇంకోసారి రాయి."

పక్కనే ఉన్న స్టెల్లా మొహం తెల్లబోయింది. ఆ ఒక్క కార్డు లేకపోతే జూన్‌లో మఠం లేదని మా అందరికీ తెలుసు. కోటమ్మక్కకి తప్ప. సిస్టరు గారు వచ్చారు. కల్లంలో కూర్చుని ఒక్కొక్క కాయ చేతిలోకి తీసుకుని చూశారు. క్షమాపణ చెప్పారు, కోటమ్మక్కకి, నిలబడి, రెండు చేతులూ జోడించి. స్టెల్లాని ఒక్క మాట అనలేదు. నాకు పిల్లని చూస్తే జాలేసింది. పక్కకి పిలిచి, "మీరే సంతకం పెట్టేయండి సిస్టరు గారూ. మీ మాట కాదనేదెవరు?" అన్నాను.

"ఎవరికి మేలు జరిగిందని పెట్టను మేస్త్రి గారూ?"

"పిల్ల మంచి ఉద్దేశంతోనే చేసింది కదండీ."

"అదే కదా నా భయం," అన్నారు ఆవిడ. "రేపు మఠంలో చేరాక ఆ అమ్మాయి చేతికి బడి ఇస్తారు, ఆసుపత్రి ఇస్తారు, అనాథ పిల్లల్ని ఇస్తారు. మంచి ఉద్దేశంతో అవన్నీ ఎండబోస్తే? అప్పుడు కోటమ్మ గారిలా తిట్టేవాళ్ళు కూడా ఉండరు. సిస్టరమ్మ చేసింది కదా అని ఊరుకుంటారు."

తర్వాత స్టెల్లాని పిలిచి చెప్పారు. "కోటమ్మ గారి వేలిముద్ర లేకుండా నా సంతకం ఉండదు. దరఖాస్తుకి ఇంకా నెల ఉంది. ఏం చేసుకుంటావో చేసుకో."

ఆవిడ మీద ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఇంత మెత్తగా కనిపించే మనిషికి లోపల ఇంత గట్టి వాషరు ఉందా అనుకున్నాను.

స్టెల్లా రెండో కోతకి తిరిగొచ్చింది. శుక్రవారం సాయంత్రం బస్సులో, ఒక్కతే, సంచిలో ఇంకో ఖాళీ కార్డు పెట్టుకుని. కోటమ్మక్క ఆ పిల్లని చూసి, "మళ్ళీ వచ్చావా? ఈసారి ఇల్లు తగలబెడతావా?" అంది.

"ఏమీ చేయనమ్మమ్మా. కూర్చుంటాను."

"నన్ను అమ్మమ్మా అనబాక. నీ అంత మనవరాలుంటే నేను ఎప్పుడో పోయుండేదాన్ని."

అయినా అన్నం పెట్టింది. అదీ కోటమ్మక్క.

శనివారమంతా పిల్ల కుప్ప పక్కన కూర్చుంది. నేను చేలకి పంపులు ఇవ్వడానికి వెళ్తూ చూశాను. ఏదైనా పట్టుకోబోతే, "ముట్టుకోబాక, చూడు," అంటుంది కోటమ్మక్క. సాయంత్రానికి, "ఏదీ, చెయ్యి పెట్టు. ఇంకా లోపలికి. మోచెయ్యి దాకా పెట్టవే, పాముందా అక్కడ? వేడి ఎలా ఉంది?" అని అడగడం విన్నాను. "జ్వరమొచ్చినట్టుంది," అంది పిల్ల. "ఎంత జ్వరం? పడుకునేంతా, లేచి తిరిగేంతా?" ఇలా సాగింది వాళ్ళ పాఠం. ఆదివారం పూజకి పక్క ఊరి చర్చికి వెళ్ళొచ్చి మళ్ళీ కూర్చుంది. మధ్యమధ్యలో ఇద్దరూ నవ్వుతున్నారు కూడా. ఎవరిమీదో చెప్పరు, నామీదే అయ్యుంటుంది.

దరఖాస్తుకి ఆఖరి రోజు సోమవారం. సాయంత్రం అయిదింటిలోపు కార్డుతో సహా మఠం ఆఫీసులో ఇవ్వాలి. గుంటూరు బస్సు మా ఊరికి పదకొండింటికి వస్తుంది. సోమవారం పొద్దున్నే కాయ పరిస్తే, కోటమ్మక్క వేలిముద్ర వేస్తే, బస్సు అందుతుంది. మామూలుగా చూస్తే అది కుప్పకి మూడో రోజు, పరిచే రోజే. ఊళ్ళో మిగతావాళ్ళు అప్పుడే పరుస్తున్నారు. నాకు ఆ పిల్ల కన్నా ఎక్కువ ఆత్రంగా ఉండి, దుకాణం తెరవకుండానే కల్లానికి పోయాను.

కోటమ్మక్క పట్టా ఎత్తింది. నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏమంటావే పిల్లా? పరుద్దామా?" అంది.

స్టెల్లా మోచేయి దాకా చెయ్యి పెట్టింది. నాలుగు కాయలు తీసి చూసింది. ఇంకో పక్కనుంచి నాలుగు తీసింది. ఎండకి పట్టి చూసింది. నేను లోపల, పరవమను తల్లీ పరవమను అనుకుంటున్నాను. ఆ పిల్ల రోడ్డు వైపు ఒక్కసారి చూసింది.

"ఇంకో రోజు ఆగుదామమ్మమ్మా," అంది. "పైన తిరిగింది కానీ లోపలి కాయకి తొడిమల దగ్గర పచ్చ పోలేదు. ఈసారి మంచు ఎక్కువ పడింది కదా."

కోటమ్మక్క వంగి తనే రెండు కాయలు తీసి చూసుకుంది. పట్టా కప్పేసింది.

పదకొండింటి బస్సు వచ్చింది, హారను కొట్టింది, వెళ్ళింది. పిల్ల కుప్ప పక్కనే కూర్చుని ఉంది. నేను ఉండబట్టలేక, "అక్కా, నీకు తెలుసా? ఇవాళ నీ వేలిముద్రతో ఆ బస్సెక్కకపోతే పిల్లకి మఠం లేదు," అని బయటపెట్టాను.

కోటమ్మక్క ఊడుస్తున్న చీపురు కింద పారేసింది. "ఏమే! నాకు చెప్పొద్దా? చెబితే రాత్రే వేలు వేసి పంపేదాన్ని కదే!"

"అందుకే చెప్పలేదమ్మమ్మా," అంది పిల్ల.

ఆ మధ్యాహ్నం సిస్టరు గారు వ్యాను వేసుకుని వచ్చారు. పిల్ల రాలేదని కంగారుపడి వచ్చారు. కల్లంలో స్టెల్లా కాయల దుమ్ముతో తుమ్ముతూ కనిపించింది. "అయిదింటికి గడువు అయిపోతుందమ్మా," అన్నారు.

"తెలుసు సిస్టర్. కాయ ఇంకా తిరగలేదు."

సిస్టరు గారు ఆ పిల్ల మొహంలోకి చూశారు. తర్వాత పెద్దగా నవ్వారు. ఆవిడ అంత పెద్దగా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. కింద మట్టిలో ఆ పిల్ల పక్కన కూర్చున్నారు. స్టెల్లాకి అప్పుడు ఏడుపొచ్చింది. దేవుడు పిలిచాడనుకున్నానని, ఇప్పుడు ఆ పిలుపుకి వెళ్ళలేకపోయానని ఏదో అంది.

"దేవుడిది రూపాయి బిళ్ళ వేసే ఫోను కాదమ్మా, మాట్లాడుతుంటే మధ్యలో కట్టయిపోవడానికి," అన్నారు సిస్టరు గారు. "వచ్చే ఏడు కూడా జూన్ వస్తుంది. అప్పటికి ఇంకా వినిపిస్తే చెప్పు."

కళ్ళు తుడుచుకోబోయిన పిల్ల చెయ్యి పట్టుకుని ఆపి, సంచిలోంచి కొబ్బరినూనె తీశారు.

మర్నాడు కాయ పరిచారు. ఆ ఏడాది ఊరి కల్లాలన్నింటిలో అంత ఒక్క రంగున్న కాయ ఇంకెవరికీ రాలేదు. ఇది నా మాట కాదు, కోటమ్మక్క మాట. ఇంకొకరి కాయ గురించి ఆవిడ అనే మాట కాదు అది. కార్డు మీద వేలిముద్ర వేస్తూ, "అవును అని ఒక్కసారే రాశావేరా? రెండుసార్లు రాయి," అని నాతో పోట్లాడింది. రాశాను. ఆఫీసు వాళ్ళు ఏమనుకున్నారో తెలియదు.

కొన్నాళ్ళకి స్టెల్లా మా దుకాణంలో నూనె డబ్బా మీద కూర్చుని ఒక మాట చెప్పింది. "మేస్త్రి గారూ, చిన్నప్పుడు మా బడికి సిస్టర్లొస్తే అందరం లేచి నిలబడేవాళ్ళమండీ. నేనూ సిస్టరునైతే నన్ను చూసి కూడా అలాగే లేస్తారు కదా అనిపించేది. అదే పిలుపనుకున్నాను. కోటమ్మమ్మ ఎవరొచ్చినా లేవదు చూడండి, ఆవిడ దగ్గరే నాకు బాగుంది." పందొమ్మిదేళ్ళ పిల్ల తన లోపలి సంగతి అంత తేటగా చెప్పింది. అరవై దగ్గరపడ్డా నేను అలాంటి మాట నా గురించి ఒక్కటీ చెప్పుకోలేదు.

తర్వాతి జూన్ వచ్చింది. స్టెల్లా మఠంలో చేరలేదు. చదువుకుని అదే యూనివర్సిటీలో లెక్చరరు అయింది. మంచి పిల్లని మఠానికి రాకుండా చేశావని పెద్ద మదరు గారు సిస్టరు గారిని పిలిచి మందలించారని డ్రైవరు చెప్పాడు. నేను అడిగాను ఆవిడనే, "మాట పడ్డారట కదా?" అని.

"పడ్డాను."

"మరేం చెప్పారు?"

"ఆ అమ్మాయి ఎక్కడికీ పోలేదు మదర్, కోటమ్మ గారి కల్లంలో ఉంది అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. ఒకసారి తీసుకొచ్చి చూపించాలి," అన్నారు. నిజంగానే తీసుకొచ్చారు. పెద్ద మదరు గారిని కూడా కోటమ్మక్క లేచి నిలబడకుండానే పలకరించింది.

అప్పటినుంచి సేవకి వచ్చే పిల్లలకి మొదటి మూడు రోజులు పని ముట్టుకోకూడదనే కట్టుబాటు పెట్టారు. చూడాలి, అడగాలి, అంతే. ఆ మూడు రోజులూ పిల్లలకి చేతులు ఊరికే ఉండక మహా ఇబ్బంది. సిస్టరు గారికి గుండె జబ్బు వచ్చి మంచం పట్టాక, రెండేళ్ళుగా పిల్లల్ని తీసుకొస్తున్నది స్టెల్లానే. చివరిసారి నేను చూడబోతే సిస్టరు గారు మంచం మీదనుంచి అడిగింది ఒకటే. "ఈ ఏడాది ఎంతమందికి కాదన్నారు మేస్త్రి గారూ?" ఇద్దరికి అన్నాను. "ఫరవాలేదు, మన ఊళ్ళో ఇంకా నిజం చెబుతున్నారు," అని తృప్తిగా కళ్ళు మూసుకున్నారు.

బుధవారం భూస్థాపనకి మా ఊరినుంచి రెండు ఆటోలు, ఒక ట్రాక్టరు వెళ్ళాయి. పంపు వదిలేసి వెళ్ళిన రైతు కోడలితో సహా వచ్చాడు. కోటమ్మక్కకి మోకాళ్ళు పనిచేయడం లేదు, అయినా నేనూ వస్తానని ట్రాక్టరెక్కింది. చర్చి గురువుగారు ప్రార్థన చేశారు. పెట్టెని దించారు. వాళ్ళ ఆచారం ప్రకారం ఒక్కొక్కళ్ళం పిడికెడు మట్టి వేయాలి. ఎండిపోయిన నల్లరేగడి. తవ్వి పోసిన మట్టంతా బెడ్డలు బెడ్డలుగా ఉంది. ముందు వేసినవాళ్ళ మట్టి పెట్టె మీద ఠపఠపా మోగింది. ఆ చప్పుడు వినలేక నేను తల తిప్పుకున్నాను.

వరసలో స్టెల్లా ముందు, ఆ వెనక కోటమ్మక్క. స్టెల్లా బెడ్డ తీసుకుని వేయబోయి, ఆగి, పక్కకి జరిగి, కోటమ్మక్కకి దారి ఇచ్చింది. కోటమ్మక్క వంగి రెండు చేతుల నిండా మట్టి తీసుకుంది. వేయలేదు. విత్తనం వేసేముందు పాదు చేసినట్టు, రెండు అరచేతుల మధ్యా పెట్టి బెడ్డలన్నీ నలపడం మొదలుపెట్టింది. తొందర లేదు ఆవిడకి. ఒక్క పెళ్ళ మిగలకుండా, పిండి అయ్యేదాకా నలిపింది. స్టెల్లా కాసేపు చూసింది. తర్వాత తన చేతిలోని బెడ్డని నలపసాగింది. వెనక వరసలో యూనివర్సిటీ పిల్లలు నూరుమంది దాకా ఉన్నారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. ముందు ఒక పిల్ల వంగింది, ఆ వెనక ఇంకో పిల్ల, ఆ వెనక వరసంతా. గురువుగారు పుస్తకం మూసి చేతులు కట్టుకుని నిలబడ్డారు. చాలాసేపు ఆ ఎండలో మట్టి నలిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత పడిన మట్టి చప్పుడు కాలేదు. మెత్తగా, జల్లెడ పట్టినట్టు, ఆవిడ మీద పడుతూ ఉంది.